ఏరే చెయ్యి

చర్‌ర్... ధబ్.

పొగమంచు ఇంకా విడలేదు. ఫజర్ నమాజు ముగించుకుని వచ్చిన ఇస్హాక్ నర్సరీ గేటు దగ్గరే ఆగిపోయాడు. ప్లాస్టిక్ సంచి చీలిన చప్పుడు. మట్టిముద్ద నేలకు తాకిన చప్పుడు. మళ్ళీ చర్‌ర్. మళ్ళీ ధబ్. మంచు వెనుక ఏ చెయ్యి ఆ పని చేస్తున్నదో ఆయన చూడనక్కరలేదు.

"అజీ! ఆగు! జర ఆగు!" అంటూ వరుసల మధ్య పరుగెత్తాడు.

ఆయన భార్య కొంగు నడుముకు బిగించి, కొడవలి చేతబట్టి, ఆయిల్‌పామ్ మొక్కల నడుమ నిలబడి ఉంది. పక్కన ఒక కుప్ప. కుప్ప మీద, అన్నిటికంటే పొడుగైన మొక్క: నిటారుగా, నాజూకుగా, ఆకులన్నీ ఆకాశానికే ఎత్తుకుని పెరిగినది. నర్సరీ మొత్తంలో ఇస్హాక్‌కు ప్రాణమైనది.

"దీన్ని గూడ తీసేసినవా! మినార్ లెక్క ఉండె గదా!"

"మినార్‌కు గెలలు కాస్తయా?" అన్నదామె, కొడవలి ఆపకుండా. "ఆకులు విచ్చుకోవాలె. గిట్ల బిగుసుకొని పైకే చూసేది పెద్దగైనంక గెల వెయ్యదు. రైతు నాలుగేండ్లు నీళ్ళు పోసి, మీ మినార్ కింద నిలబడి మిమ్మల్నే తలుచుకుంటడు."

"మంచిగనేనా?"

"మీరే ఊహించుకోండ్రి."

ఆ రోజే ఉద్యాన అధికారి మానస తనిఖీకి వస్తున్నది. ప్రభుత్వ గుర్తింపు దక్కితేనే ఈ మొక్కలు చేలకు వెళ్తాయి. దక్కకపోతే ఏడాదిగా నీడనిచ్చి, నీళ్ళిచ్చి, నిద్ర మానుకుని పెంచిన పచ్చదనమంతా సంచుల్లోనే ముదిరిపోతుంది. అన్నిటిలోకీ అసలు పరీక్ష ఏరివేత. లోపమున్న మొక్కను పోల్చి, జాలి లేకుండా తీసేసే చెయ్యి ఆ నర్సరీలో ఉన్నదా, లేదా?

ఉన్నది. కానీ పోయినసారి మానస "ఏరేది ఎవరు?" అని అడిగితే ఇస్హాక్ "నేనే" అన్నాడు. గొప్పకు అన్న మాట కాదది. పరాయివాళ్ళ ముందు భార్య పేరు పలకడం ఆ ఇంటి మగవాళ్ళకు అలవాటు లేదు. తండ్రి పలకలేదు, తాత పలకలేదు. ఇంట్లో ఆమె "అజీ". వీధికి "అంజుమ్ వాళ్ళమ్మ". సిగ్గు ఒక పేరును మింగేసింది. ఆ ఖాళీలో "నేనే" వచ్చి కూర్చుంది. కోహీర్‌లో జరిగిన నర్సరీ శిక్షణలో ఆయన వెనుక బెంచీ మీద కునుకు తీసిన సంగతీ, ఆమె ముందు వరుసలో కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసిన సంగతీ మానసకు తెలియవు.

ఎండ ఎక్కాక మానస వచ్చింది. నీళ్ళ పైపులు చూసింది, సంచుల్లో మట్టి చూసింది, తీసేసిన మొక్కల కుప్ప ముందు నిలబడి తల ఊపింది.

"కుప్ప మంచిగున్నది చాచా. సరిగ ఏరనోళ్ళ దగ్గర కుప్పే ఉండదు. ఇగ ఈ వరుస నా ముందట ఏరి చూపియ్యండి."

ఇస్హాక్ చెయ్యి మొదటి మొక్క మీద వాలింది. "ఇది మంచిది."

షేడ్‌నెట్ తెర వెనుక, ఎర్రమట్టి జల్లిస్తున్న చోటి నుంచి ఒక దగ్గు.

"అంటే... మంచిది కాదు. తీసెయ్యాలె."

రెండో మొక్క. "దీన్ని గూడ తీసెయ్యాలె."

దగ్గు.

"తీసెయ్యద్దు."

మూడో మొక్క నిటారుగా, అందంగా, ఆకాశాన్నే చూస్తున్నది. ఇస్హాక్ మనసు ఆగలేదు. "ఇది మాత్రం మేడమ్, కచ్చితంగ..." తెర వెనుక దగ్గు తుపానైంది.

"లోపల ఎవరికో పాపం, దగ్గు గట్టిగ పట్టినట్టున్నది," అన్నది మానస. "దవాఖానకు తీస్కపోదామా?"

"మట్టి దుమ్ము, మేడమ్."

"ఆ దుమ్ముకు మొక్కలు మంచిగ తెలిసినట్టున్నయి, చాచా."

ఇస్హాక్ చెవులు ఎర్రబడ్డాయి. మానస పెన్ను మూసి జేబులో పెట్టుకుంది. గొంతు మెత్తగానే ఉంది.

"మీ మీద నాకు కోపం లేదు. కానీ ఏరే మనిషి ఎవరో తెల్వకుండ నేను సంతకం పెట్టలేను. రేపు రైతు చెట్టు కాయకపోతే ఎవరిని అడగాలె? చెప్పండి, ఎవరు?"

"మా... ఇంట్లవాళ్ళు."

"ఇంట్లవాళ్ళంటే? పేరు కావాలె."

ఇస్హాక్ తెర వైపు తిరిగాడు. "అజీ! జర బయటికి రా!"

"అజీ అని రాసుకోనా?" అన్నది మానస.

తెర వెనుక జల్లెడ ఆగింది. నవ్వు దాచుకోలేని గొంతు వినిపించింది. "నేను రాను. మేడమ్ అడిగింది మిమ్మల్ని."

ఇస్హాక్ వరుసల వైపు చూశాడు. వేళ్ళు విప్పినట్టు ఆకులు విప్పుకున్న మొక్కలు. ఒక్కొక్కటీ ఆమె చేతి కింద నిలిచి, గెలిచి, మిగిలినవి. నికాహ్ రోజున ఖాజీ నోట ఆ పేరు విని తాను "ఖబూల్" అన్నాడు. ఎంత తీయగా ఒప్పుకున్నాడో! పలకడం మాత్రం ఇన్నేళ్ళూ వాయిదా వేశాడు.

టోపీ సర్దుకున్నాడు. పెదవి తడుపుకున్నాడు. మానసకు మాత్రమే కాదు, పక్క చేనికీ, ఆ పక్క చేనికీ వినిపించేలా గొంతెత్తాడు.

"రహమతున్నీసా!"