గోడలో ఇరుక్కున్న గుడిరాయి

నేను ఒక స్తంభపు దిమ్మని. మొత్తం స్తంభాన్ని కాదు, అందులో ఒక ముక్కని మాత్రమే. నన్ను ఊహించుకోవాలంటే పెద్ద తిరగలి రాయిని తలచుకుని, దానికి మోకాలెత్తు మందం ఇచ్చి, చుట్టూ నిలువునా గాడులు చెక్కండి. అదే నేను.

నా పుట్టుక గ్రీసు దేశంలో, సముద్రం కనబడే ఒక కొండవాలున. పంటలిచ్చే దెమీతర్ దేవతకు అక్కడ గుడి కడుతున్న రోజులవి. గనిలోంచి తవ్వి, ఎడ్లబండి మీద లాగించి, నాలాంటి దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చారు. మధ్యలో సున్నం లేదు, అడుసు లేదు. నట్టనడుమ గుంట తొలిచి చెక్కమేకు దించారు, అంతే.

ఆ కట్టినవాళ్లు భలే మనుషులు. స్తంభం నిజంగా తిన్నగా ఉంటే చూసేవాళ్లకు నడుము సన్నబడినట్టు కనిపిస్తుందట. అందుకని మా నడుము కాస్త ఉబ్బించారు. తిన్నగా కనబడటానికి తిన్నగా లేకుండా కట్టారన్నమాట! అంతకుముందు గుళ్లన్నీ కర్రతో కట్టేవారు. రాతికి మారాక కూడా పాత దూలాల కొసలు కనబడుతున్నట్టే పైన రాతిలో చెక్కించుకున్నారు. మనిషి దేన్నీ ఓ పట్టాన వదులుకోడు. ఆపైన ఎరుపూ నీలమూ పులిమి మమ్మల్ని పెళ్లిపందిరిలా తయారుచేశారు. ఆ రంగులన్నీ వానకు కారిపోయాక, ఇప్పటివాళ్లు వచ్చి మా తెలుపు చూసి “ఆహా, ఎంత నిరాడంబరం!” అంటారు. నాకు నోరు లేదు కాబట్టి సరిపోయింది.

మీ గర్భగుడిలాగే లోపలి గది దేవతది. జనం సందడంతా బయటే. ఆరుబయట బలిపీఠం, దాని చుట్టూ పాటలు, పంక్తి భోజనాలు, సంబంధాలు మాట్లాడుకోవడాలు, తగవులు తీర్చుకోవడాలు. మా వరసల నీడన నిలబడితే కొండకింది జనానికి తామంతా ఒక ఊరివాళ్లమని గుర్తొచ్చేది. గుడి అసలు పని అదేనని నా అనుమానం.

ఒకనాడు భూమి కంపించింది. మేకు విరిగి, నేను కొండవాలున దొర్లుకుంటూ వెళ్లి పొదల్లో పడ్డాను. అక్కడ ఎన్ని తరాలు గడిచాయో తెలియదు. మా రాళ్లు పట్టుకెళ్లి కొందరు చర్చి కట్టుకున్నారు, కొందరు మేకల దొడ్డి కట్టుకున్నారు. చివరికి ఒక రైతు నన్ను దొర్లించుకెళ్లి తన పెరట్లో పెట్టాడు. ఆయన భార్య నామీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది, ఇద్దరు కూతుళ్లకూ జడలు వేసేది. పెద్దది స్టమాటియా, చిన్నది క్రిసూల.

కూతుళ్లు పెద్దవాళ్లయ్యారు, రైతు పోయాడు. ఒక చలికాలం క్రిసూల పక్క దీవికి ఆలివ్ కాయల కోతకు వెళ్లినప్పుడు తల్లి మంచం పట్టింది. క్రిసూల తిరిగొచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. “కబురు పంపాను, సముద్రం పోటు మీదుండి పడవ కదల్లేదు,” అంది స్టమాటియా. “పంపి ఉండవు,” అంది క్రిసూల.

ఆ ఒక్క మాటకు పెరటి మధ్య గోడ లేచింది. మరి అమ్మ కూర్చున్న రాయి ఎవరిది? ఇద్దరూ నాదంటే నాదన్నారు. తాపీమేస్త్రీ వాళ్లకు సర్దిచెప్పలేక, నన్ను మధ్యకు దొర్లించి నామీదుగానే గోడ కట్టేశాడు. నాలో కొంత ఇటు, కొంత అటు పొడుచుకొచ్చింది. ఇక ఏళ్ల తరబడి స్టమాటియా ఇటువైపు, క్రిసూల అటువైపు నామీదే కూర్చుని, గోడకు వీపులు ఆన్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ముసలివాళ్లయ్యారు.

అప్పుడొచ్చింది కల్లియోపి. తవ్వకాల శాఖలో పనిచేసే అమ్మాయి. కొండమీద ఒక స్తంభాన్ని తిరిగి నిలబెట్టాలని ముక్కలన్నీ పోగేసింది, ఒక్కటి తక్కువైంది. ఊళ్లో వెతుకుతూ వచ్చి నా గాడులు చూడగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. చట్టం ఆమె పక్షాన ఉంది. అయినా మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి ముందు అడిగింది.

“పిన్నీ, ఇది గుడి రాయి. మళ్లీ దాని చోట నిలబెడతాం.”

“గుడిదే కావచ్చమ్మాయ్,” అంది స్టమాటియా. “మా అమ్మ దానిమీద కూర్చుని నాకు జడేసింది. ఆ దేవతే దిగొచ్చి అడిగినా ఇవ్వను.”

కల్లియోపి సందు తిరిగి అటు వెళ్లింది. ఆమె ఇంకా నోరు తెరవకముందే క్రిసూల అడిగింది: “అదేమంది?”

“ఇవ్వనంది పిన్నీ.”

“అయితే నేనిస్తాను. నా సగం పట్టుకుపో.”

కల్లియోపి మళ్లీ ఇటొచ్చింది. సంగతి విని స్టమాటియా లేచి నిలబడింది. “అదివ్వగా లేంది నేనివ్వలేనా? ఊరంతా నన్ను పిసినారి అనాలనా దాని ఎత్తు? తీసుకుపో!”

ప్రాచీన వైభవం మళ్లీ తల ఎత్తడానికి అంతకుమించిన కారణం అవసరం పడలేదు.

మర్నాడు పొద్దున్నే పనివాళ్లు నామీది గోడ విప్పారు. ఎవరి కుర్చీ వాళ్లు వేసుకుని అక్కాచెల్లెళ్లు కాపలా కూర్చున్నారు. తాళ్లు బిగించి క్రేన్‌తో నన్ను పైకి లేపారు. దుమ్ము అణిగింది. గోడలో మనిషి దూరేంత ఖాళీ. అటొకరు, ఇటొకరు, ఎదురెదురుగా.

“ఎంత ముసలిదానివైపోయావే!” అంది స్టమాటియా.

“నువ్వేమో కొత్త పెళ్లికూతురివి మరి,” అంది క్రిసూల.

పనివాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. క్రిసూల కుర్చీలోంచి లేచి ఖాళీ దగ్గరికొచ్చింది.

“అక్కా, ఒక్కటి చెప్పు. అమ్మ చివర్లో నన్నడిగిందా?”

స్టమాటియా తన చేతులకేసి చూసుకుంది.

“అడగడమా? నేను నీళ్లు పట్టినా ‘క్రిసూలా’ అంది. దుప్పటి కప్పినా ‘వచ్చావా క్రిసూలా’ అంది. పక్కన కూర్చున్నది నేనే. నా పేరు ఒక్కసారి పలికితే ఒట్టు. ఆ మాట నీకెలా చెప్పనే? నోరు రాలేదు.”

“మరి నువ్వేమన్నావు? వచ్చావా అంటే?”

“వచ్చానమ్మా అన్నాను. ఇంకేమంటాను?”

తల్లి పడుకున్న గది కిటికీ నా పక్కనే ఉండేది. ఆ పిలుపూ ఆ జవాబూ నేనూ విన్నాను. ఇన్నేళ్లుగా ఇద్దరినీ మోస్తూ చెప్పలేకపోయాను. రాయిగా పుట్టడంలో కష్టం బరువు మోయడం కాదు, ఇదీ.

క్రిసూల ఇటుకపెళ్లలు తొక్కుకుంటూ, తూలుతూ, ఆ ఖాళీలోంచి ఇటు వచ్చింది. అక్క కుర్చీ పక్కనే నేలమీద చతికిలబడి, ఆమె మోకాళ్లమీద తల పెట్టుకుంది. స్టమాటియా చెల్లెలి జుట్టు ముడి విప్పి, వేళ్లతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. క్రేన్ నడిపేవాడు నన్ను గాలిలోనే మరిచిపోయాడు. కల్లియోపి కూడా గుర్తు చేయలేదు.

ఇప్పుడు నేను స్తంభంలో నా చోట ఉన్నాను. పొద్దున్నే యాత్రికులు వచ్చి, మా కొలతల గురించి తమకు తోచింది తోచినట్టు ఒకరికొకరు బోధించుకుని, ఫొటోలు దిగి పోతారు. నా చూపు మాత్రం కొండకిందికే. విప్పిన గోడ పూడ్చడానికి శాఖవాళ్లు మేస్త్రీని పంపారు. “వచ్చేవారం రావయ్యా, ఇవాళ తీరిక లేదు,” అంది స్టమాటియా. ఆ వచ్చేవారం క్రిసూల అదే మాట అంది. తర్వాత అతను రావడం మానేశాడు.

రోజూ సాయంత్రం క్రిసూల కాఫీ కాచి ఆ ఖాళీలోంచి అందిస్తుంది. కషాయంలా ఉందని స్టమాటియా కొండమీదికి వినబడేలా తిడుతుంది. తిట్టడం పూర్తయ్యాక, ఇంకాస్త పోయమని కప్పు చాపుతుంది.