నీళ్లలో కనబడినంత లోతు

నేను ఒక ఇనుప పళ్లాన్ని. అన్నం తినే పళ్లెం కాదు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర ఒక లేత్ షెడ్డులో నన్ను గుండ్రంగా కోసి, రెండు పాళ్లు తెలుపు, రెండు పాళ్లు నలుపు పూసి, నడుమ చిల్లులో తాడు కట్టారు. నన్ను సముద్రంలోకి వదులుతారు. ఎంత లోతున కంటికి కనబడకుండా పోతానో, నీరు అంత తేట అని లెక్క. మాయమవడమే నా ఉద్యోగం.

నన్ను కొన్నది రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ. తీరంలోని బడిపంతుళ్లకు సముద్రం గురించి నేర్పిస్తామని శిక్షణ పెట్టింది. నెలకో జట్టు వచ్చేది. కంపెనీ ఆఫీసరు ప్రతి జట్టుకూ అదే ఉపన్యాసం ఇచ్చేవాడు, అదే చోట నవ్వించేవాడు. సగంమంది పడవలో వాంతులు చేసుకునేవారు. నన్ను మూరెడు దించగానే ఫొటో తీసి, "చాలు, లాగెయ్యండి" అనేవాడు. మూడేళ్లు అలా మునిగీ తేలీ విసిగిపోయాను.

చివరి జట్టులో కాసులమ్మ టీచరు వచ్చింది. జాలరి పోలయ్య కూతురు. పుట్టింది అలల పక్కనే అయినా, వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పడవ ఎక్కరు కనుక, సముద్రం మీదికి రావడం ఆమెకు అదే మొదలు. ఆఫీసరు చాలన్నా ఆమె తాడు వదులుతూనే ఉంది.

"ఉండండి సార్, ఇంకా కనబడతంది."

ఆ రోజే నేను మొదటిసారి నిజంగా మాయమయ్యాను.

శిక్షణ అయ్యాక నన్ను ఆమె బడికి ఇచ్చారు. ఒక ఏడాది పాటు కంపెనీయే నెలనెలా పడవ పంపింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురేసి వెళ్లి నన్ను దించి, లోతు చూసి, గోడమీది పట్టికలో రాసేవారు. ఊరి పెద్దలు కంపెనీ పని గదా అని ఊరుకున్నారు. మరుసటేడు కంపెనీ మనసు మొక్కలు నాటడం మీదికి మళ్లింది. కృతజ్ఞతల ఉత్తరం వచ్చింది, పడవ రాలేదు. నేను బీరువా మీద సుద్దపొడిలో పడ్డాను.

"మా వంతెప్పుడు టీచర్?" అని మిగిలిన పిల్లలు రోజూ అడిగేవారు. కాసులమ్మ తండ్రిని అడిగింది.

"ఆళ్ల పడవ ఏరు, మన పడవ ఏరు" అన్నాడు పోలయ్య. "ఆడకూతుర్లని ఎక్కిస్తే ఊరు ఊరుకోదమ్మా."

మాఘమాసంలో ఒకరోజు ఆయన కూతురికి క్యారేజీ ఇవ్వడానికి బడికి వచ్చి, గోడమీది పట్టిక చూశాడు. "ఈ గళ్లు కాళీ ఏటి?" అని అడిగాడు. ఆమె చెప్పింది.

"మాఘంలో నీరు అద్దంలాగుంటది. ఇప్పుడు కొలవకపోతే ఎలాగ?" అని నన్ను చంకన పెట్టుకుపోయాడు. మర్నాడు తిరిగొచ్చి, "ఐదు బారలు. రాసుకో" అన్నాడు.

"నువ్వు సూసింది నేను రాయను నాన్నా. పిల్లలు సూడాల."

పోలయ్యకు కోపం వచ్చింది. నన్ను బల్లమీద ధడేల్మని పడేసి వెళ్లిపోయాడు. తండ్రీకూతుళ్లకు వారం రోజులు మాటల్లేవు.

ఎనిమిదో నాడు ఆయనే బడి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నలుగురే. రేపు పొద్దున్నే."

మర్నాడు పిల్లలు ఎక్కారు. ఇసుకలో నిలబడిన కూతురితో, "నువ్వేటి ఆడనే ఉండిపోనావు? ఎక్కు" అంటూ చెయ్యి అందించాడు. నాలుగున్నర బారల దగ్గర నేను కనబడకుండా పోయాను. కాదు, నాలుగే అని ఒక పిల్ల పట్టుపట్టింది. మళ్లీ దించారు. మళ్లీ.

దానికి పోలయ్య మూల్యం చెల్లించాడు. ఆయనతో ఇరవై ఏళ్లు వేటకు వెళ్లిన జతగాడు, గురువులు అనేవాడు, ఆడవాళ్లెక్కిన ఆ పడవ ఎక్కడం ఆ రోజునుంచి మానేశాడు. పోలయ్య ఒంటరిగా ఒడ్డు దాపునే వల వేసి, వచ్చిందే చాలనుకుంటున్నాడు. వెళ్లి అతన్ని పిలవమని కాసులమ్మ ఎంత నచ్చజెప్పబోయినా, "ఆడొస్తాడులే" అంటాడు. గురువులు ఇంకా రాలేదు. పిల్లలు మాత్రం నెలనెలా వస్తున్నారు.

నా రంగు పెచ్చులూడింది, అంచు తుప్పుపట్టింది. ఇక పాత ఇనుము బండికి వేస్తారని, హాయిగా పడుకోవచ్చని అనుకున్నాను. నిన్న పోలయ్య నన్ను ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో రుద్ది చూశాడు.

"తెలుపు పోయింది. పడవకేసిన రంగు మిగిలుంది, ఎయ్యాల."

ఎండలో ఆరబెట్టాడు. రేపు మళ్లీ సముద్రానికట.