ఆకుపచ్చ చీరలో చిరుగు

నా కుట్టు గురించి నాకు పొగరెక్కువ. ముందే ఒప్పుకుంటున్నాను.

మెక్సికోలో మొక్కుకున్నవాళ్లు చర్చిలో చిన్న చిన్న రేకు గుండెలు వేలాడదీస్తారట, మనవాళ్లు గుడిలో వెండి కళ్లు సమర్పించినట్టు. వాటి ఫొటోలు చూసి నేను పాత చీరలతో గుండెలు కుట్టడం మొదలుపెట్టాను. పైన ఎర్ర దారంతో మంటలు, చుట్టూ పూలు. ఇక్కడ మలేషియాలో, జార్జ్ టౌన్‌లో ప్రదర్శనకి ఇరవై అడిగారు. నేను పెళ్లై తెలుక్ ఇంటాన్‌లో ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలే. మా అత్త కూర్మమ్మని పాత చీరలు అడిగితే, "పెట్టెలోవన్నీ అట్టుకుపో లా" అంది, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ. తీగ మీద ఆరుతున్న ఆకుపచ్చ చీర కూడా పాతదే కదా అని ఆ మూటలో కలిపేశాను.

దాని కొంగు దగ్గర ఒక చిరుగు. ఎవరో వంకరటింకరగా కుట్టారు. చూడబుద్ధి కాలేదు. గుండె కత్తిరించే ముందే ఆ దారమంతా విప్పేసి, కనిపించనంత సన్నగా రఫ్ఫు చేశాను.

మర్నాడు అత్త తీగంతా తడుముకుంటోంది. ఆమెకి చూపు బాగా తగ్గింది.

"ఆకుపచ్చ సీర ఏదమ్మీ? రేపు మా చంద్ర పోయిన రోజు. పటం ముందర ఎట్టాల."

చంద్ర నా ఆడపడుచు. పదహారేళ్లకే జ్వరంతో పోయిందని తెలుసు. చీర సంగతి తెలియదు.

"నా గదిలో ఉందత్తా. రేపు తెస్తాను."

"ఆ సిరుగు అదే కుట్టినాది. ఏటేటా ఆ రోజు ఓసారి తడుముకుంటాను."

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. గదిలో కూర్చుని నా రఫ్ఫు విప్పి వంకరగా కుట్టాను. వంకరగా కుట్టడం ఇంత కష్టమని తెలియదు, చెయ్యి మాట వినదు. మూడుసార్లు విప్పాను.

తెల్లారి పటం ముందు అత్త చీర ఒళ్లో పెట్టుకుని వేలితో చిరుగు వెతికింది. వేలు అక్కడ ఆగింది. మళ్లీ మొదటినుంచి తడిమింది.

"చంద్రది ఎడం సెయ్యి. దాని కుట్లు ఇటేపు వాలుతాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. జరిగిందంతా చెప్పాను.

"ఆ పాత దారం ఏది?"

"ఊడ్చి పారేశాను. చెత్తబండి వచ్చి వెళ్లిపోయిందత్తా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. చీర మడిచి, అంచులు సరిచేసి, నా చేతిలో పెట్టింది.

"అయితే ఇది ఉత్త సీరే. నీ గుండెలకి కోసుకో."