నాగమల్లేశ్వరి చేతి తేనె

ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా నాలిక మీద మొదటి తేనెచుక్క నాగమల్లేశ్వరి చేత్తోనే పడాలి. ఆవిడది మంచి చెయ్యి అని పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం. లారీ కింద పడి తల్లి పోయిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుని దానికీ ఆ ముచ్చట జరిపింది. తాటితోపులో కొట్టించిన పట్టుతేనె, పూటకో చుక్క చొప్పున పదిరోజులు నాకించింది.

పదకొండో రోజుకి దాని వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. మర్నాటికి మెడ వాలిపోయింది. సంచిలో పడుకోబెట్టుకుని, హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి, గవర్నర్‌పేటలో పశువుల డాక్టరు ఉషశ్రీ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

"పాలూ, తేనే అండీ. చుక్క కల్తీ లేని తేనె."

డాక్టరు రాయడం ఆపింది. "పెద్ద కుక్కయితే, షుగర్ లేకపోతే, కాస్త తేనె ఏమీ చెయ్యదండి. ఏడాది నిండని పిల్లకి పెట్టకూడదు. తేనెలో ఒక్కోసారి కంటికి కనపడని క్రిమి ఉంటుంది. పసి పేగుల్లో పెరిగి ఒళ్లంతా చచ్చుబడేలా చేస్తుంది. దీనికి అదేనని చెప్పలేను, కుళ్లిన చేప తిన్నా ఇలా అవ్వొచ్చు. మనుషుల పిల్లలకైనా అంతేనండి, ఏడాదిలోపు తేనె నాకించకూడదు."

"మనుషుల పిల్లలక్కూడానా?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

ఇరవయ్యారేళ్ల కిందట, వీధి చివర మాణిక్యమ్మ కొడుకు రెండు నెలలు నిండకుండానే పోయాడు. ముందు పాలు తాగడం మానేశాడు. తర్వాత ఏడుపు సన్నబడింది, కాళ్లూ చేతులూ వేలాడేశాడు. తల్లిపాలు మంచివి కావని ఊరంతా తేల్చేసింది. అత్తగారు చచ్చేదాకా మాణిక్యమ్మ చేతి మంచినీళ్లు ముట్టలేదు. ఆ పసివాడికి వారం రోజులు వరసగా తేనె నాకించింది నాగమల్లేశ్వరే.

కుక్కపిల్లను ఆసుపత్రిలో ఉంచుకున్నారు. అయిదో రోజుకి తలెత్తింది. "నీ చెయ్యి పడ్డాక బతక్కేం చేస్తుంది పిన్నీ" అంది ఆ కబురు విని పక్కింటి రామతులసి. ఆ మెచ్చుకోలు ఆవిడ ఒంటికి కారం రాసినట్టయింది. లేచి మాణిక్యమ్మ ఇంటికి నడిచింది.

మాణిక్యమ్మ పెరట్లో చేపలు తోముతోంది. నాగమల్లేశ్వరి నిలబడే, డాక్టరన్న మాటంతా దాచకుండా చెప్పింది.

"తేనే చేసిందని ఇప్పుడెవరూ చెప్పలేరు మాణిక్యం. కానీ నీ పాలే చేశాయని ఆ రోజు అందరితో పాటు నేనూ అన్నాను. నాదే తప్పు."

మాణిక్యమ్మ చేతిలో చేప వదిలేసింది.

"తెలియక పెట్టావు వదినా. దానికి నిన్నేమీ అనను" అంది. "ఆ తర్వాత పుట్టిన పిల్లకి నేను పాలివ్వలేదు. రొమ్ములు సలిపి సలిపి జ్వరమొస్తుంటే, ఈ గోడ దగ్గర కూర్చుని పాలు పిండి పారబోసుకున్నాను. అది లోపల ఆకలికి ఏడుస్తూనే ఉంది."