అభ్యర్థి గారి భార్య

"'అవర్ చిల్డ్రన్' అన్నచోట కాస్త ఆగండి. వెంటనే పరిగెత్తకండి," అంది విజయశ్రీ, చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తూ.

భాస్కర్ బనీనుతో వంటింట్లో నిలబడి, చేతిలోని కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఈసారి ఆగాడు. బాగా కుదిరింది. అతని గొంతు మంచి గొంతు, మాట తడబడదు. మాటలు మాత్రం ఆమెవి. వారం రోజులు కూర్చుని రాసింది. అది 1985 అక్టోబరు. అమెరికాలోని అరోరా శివార్లలో, వాళ్ళ ప్రాంతపు ఐదు స్కూళ్ళనీ నడిపే స్కూలు బోర్డులో మూడు ఖాళీలుంటే ఆరుగురు పోటీ చేస్తున్నారు. వాళ్ళలో భాస్కర్ ఒకడు. ఆ సాయంత్రం స్కూలు కేఫెటీరియాలో ఆరుగురినీ వరసగా కూర్చోబెట్టి ఊరివాళ్ళు ప్రశ్నలడుగుతారు.

అతను ఎందుకు నిలబడ్డాడో ఆమెకు తెలుసు. ఫ్యాక్టరీలో పదమూడేళ్ళుగా ఇంజనీరు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తనకు పై అధికారులయ్యారు. "గెలిస్తే ఒక్కసారైనా వీళ్ళు నా పేరు సరిగ్గా పలుకుతారు విజయా," అన్నాడు ఒక ఆదివారం. ఆ మాటకి ఆమె మనసు కరిగిపోయింది. నామినేషన్‌కి సంతకాలు కావాలంటే తనే ఇల్లిల్లూ తిరిగింది. ఎండలో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కుక్కలున్న ఇళ్ళ ముందు గుండె చిక్కబట్టుకుని తలుపులు తట్టింది. తలుపు తీసినవాళ్ళు భాస్కర్‌ని ఎరగరు. "ఓ, లైబ్రరీలో ఉంటావు కదూ! మా పిల్ల నీ గురించే చెబుతుంది," అని సంతకం పెట్టేవారు.

స్కూలు లైబ్రరీకి ఆమె వెళ్ళడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. కూతురు విద్య కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడాది, తల్లులెవరైనా గంటసేపు సాయానికి రావాలని చీటీ పంపితే వెళ్ళింది. ఆ గంట మెల్లగా పూటయింది. పుస్తకాలు సర్దడం, చిరిగినవి అతకడం, తేదీలు ముద్రించడం, ఇంగ్లీషు రాని మెక్సికన్ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం. మారిసోల్ అనే పిల్ల నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఒకరోజు ఉన్నట్టుండి ఒక పేజీ మొత్తం గడగడా చదివేసి, తన గొంతు విని తనే భయపడి ఆమె ఒళ్ళో మొహం దాచుకుంది. విజయశ్రీ వాల్తేరులో లైబ్రరీ సైన్స్ చదివి, తొమ్మిది నెలలు కాలేజీలో ఉద్యోగం చేసి, పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. ఆ సంగతి ఆమెకే మరుపున పడుతున్న రోజుల్లో ఆ పిల్ల గుర్తు చేసింది. ఆర్నెల్లు ఉండి వెళ్ళడానికి వచ్చిన అత్తగారు మాత్రం, "పొద్దున్నే ఎక్కడికమ్మా ఆ షికారు? జీతమా పాడా?" అనేది. భాస్కర్ నవ్వి, "పోనీలే అమ్మా, దానికీ కాలక్షేపం కావాలిగా," అనేవాడు. తనను వెనకేసుకొచ్చాడని ఆమె అప్పట్లో సంతోషించింది కూడా.

ఐదు స్కూళ్ళకీ కలిపి లైబ్రేరియన్ ఒక్కతే, డోరిస్ అనే పెద్దావిడ. స్కూలుకో అసిస్టెంటుని జీతమిచ్చి పెట్టాలని ఆవిడ రెండేళ్ళుగా పోరాడుతోంది. కొత్త బోర్డు ఒప్పుకుంటే జనవరి నుంచే. "మొదటి అప్లికేషన్ నీదే కావాలి," అంది డోరిస్. విజయశ్రీ ఆ రోజే నింపి ఇచ్చింది. రాత్రి భోజనాల దగ్గర చెబితే భాస్కర్ పెరుగు కలుపుకుంటూ, "మంచిదే. ముందు ఎలక్షన్ కానీ," అన్నాడు. ఆ 'మంచిదే'ని ఆమె నాలుగు రోజులు మనసులో పదిలంగా దాచుకుంది.

కేఫెటీరియా నిండిపోయింది. విజయశ్రీ, పదకొండేళ్ళ విద్య మూడో వరసలో కూర్చున్నారు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి పాత స్కూలు మూసేయాలని ఒకరూ, మూసేస్తే చంటిపిల్లలు చలిలో బస్సెక్కాలా అని ఇంకొకరూ వాదించుకున్నారు. పన్నులు పెంచుతారా అని ఒక ముసలాయన గట్టిగా అరిచాడు. భాస్కర్ వంతు వచ్చింది. 'అవర్ చిల్డ్రన్' దగ్గర ఆగాడు. చప్పట్లు పడ్డాయి. ఆమెకు గర్వంగా అనిపించింది.

తర్వాత వెనకనుంచి ఒకావిడ లేచి, లైబ్రరీ అసిస్టెంట్ల మీద మీ అభిప్రాయమేమిటని అడిగింది. దానికి జవాబు కాగితం రెండో వైపున ఉంది. పిల్లల చేతిలో పుస్తకం పెట్టే మనిషికి జీతమివ్వలేని స్కూలు ఇంకెవరికి ఇచ్చి ఏం లాభమని ఆమె రాసింది. భాస్కర్ కాగితం తిప్పలేదు. ముసలాయన కూర్చున్న వైపు ఒకసారి చూసి, చిరునవ్వు నవ్వాడు.

"ఆ ఉద్యోగాలు మనకి అవసరం లేదు. ప్రేమతో చేసే పనికి జీతం దేనికి? నా భార్య ఆరేళ్ళుగా ఒక్క సెంటు తీసుకోకుండా చేస్తోంది. ఎప్పటికీ చేస్తుంది. ఆమెకి అదే సంతోషం. లేచి నిలబడు విజయా!"

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. తలలన్నీ ఇటు తిరిగాయి. పక్కావిడ ఆమె భుజం తట్టింది. విజయశ్రీ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకు తెలియలేదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. మొహం మీద నవ్వు కూడా దానంతటదే వచ్చింది. తను విన్నది తప్పేమో, ఇంగ్లీషులో ఇంకేదో అర్థం ఉందేమో అని వెతుక్కుంది. గోడవారగా నిలబడ్డ డోరిస్ ఒక్కతే చప్పట్లు కొట్టడం లేదు. ఆవిడ కళ్ళు చూశాక తప్పు వినలేదని తెలిసింది.

కారు బయలుదేరింది. భాస్కరే అన్నాడు, "చూశావా చప్పట్లు! నీ గురించి ఎంత గొప్పగా చెప్పానో!"

"నేను ఆ ఉద్యోగానికి అప్లై చేశానండీ."

"తెలుసు. కానీ ఎలాగూ నీకు రాదు. బోర్డు మెంబరు భార్యకి స్కూల్లో జీతమిచ్చే ఉద్యోగం ఇవ్వకూడదని ఇక్కడ రూలుంది. నామినేషన్ పేపర్లు తీసుకున్న రోజే చెప్పారు."

పేపర్లు తీసుకున్న రోజు. అంటే ఆమె మొదటి తలుపు తట్టకముందే. ఎండలో తిరిగిన ఆ వీధులూ, ఆ కుక్కలూ, మొహం చూసి సంతకం పెట్టిన ఆ ఆడవాళ్ళూ కళ్ళముందు తిరిగారు. తన ఉద్యోగాన్ని తనే ఇల్లిల్లూ తిరిగి పోగొట్టుకుందన్నమాట. అతనికి అది తెలుసు. తెలిసే రోజూ సాయంత్రం, "ఈవేళ ఎన్ని వచ్చాయి?" అని అడిగాడు.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఇంత ఉత్సాహంగా తిరిగేదానివా?" అన్నాడు భాస్కర్, ఏ దాపరికమూ లేకుండా. "అయినా నీకేం పోయింది? ఊరికే చేస్తే ఏ రూలూ అడ్డు రాదు."

వెనక సీట్లోంచి విద్య, "అమ్మని అడిగావా నాన్నా? డిడ్ యూ ఈవెన్ ఆస్క్ హర్?" అంది. భాస్కర్ రేడియో పెట్టాడు.

అతనిలో పశ్చాత్తాపం ఉండుంటే, కోపమైనా ఉండుంటే ఆమె ఏడ్చేదేమో. అతను నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఆమెను నిలువునా వణికించింది అదే. పద్నాలుగేళ్ళు పక్కన ఉన్న మనిషి, ఆమెకు ఏదైనా పోగలదన్న ఊహే లేకుండా బతికాడు.

నవంబరులో ఎన్నికలు. ముగ్గురికి ఓటు వేయొచ్చు. ఆమె ఇద్దరికి వేసి వచ్చేసింది. అయినా భాస్కర్ గెలిచాడు. ఆ శనివారం ఇంట్లో గెలుపు విందుకి వచ్చిన నలభై మందికి ఆమె బజ్జీలు వేసింది. ఆ మధ్యాహ్నమే, బజ్జీల పిండి కలపకముందు, ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. దాని మీద స్కూలు బోర్డుకి ఏ అధికారమూ లేదు. సిఫారసు ఉత్తరం డోరిస్ రాసింది. రెండు వారాలకి ఉద్యోగం వచ్చింది.

డిసెంబరులో కొత్త బోర్డు మొదటి మీటింగు. అసిస్టెంట్ల విషయం తేల్చేముందు, ఊరివాళ్ళెవరైనా మాట్లాడొచ్చని ఛైర్మన్ అన్నాడు. విజయశ్రీ లేచింది. ఈసారి ఎవరూ లేవమనలేదు.

"నేను ఆరేళ్ళుగా మీ స్కూలు లైబ్రరీ నడుపుతున్నాను. సాయం చేయడం కాదు, నడపడం. సోమవారం నుంచి రాను. పబ్లిక్ లైబ్రరీలో నాకు జీతంతో ఉద్యోగం వచ్చింది. నేను ఎప్పటికీ చేస్తానని ఇక్కడొకరు మాట ఇచ్చారు. నన్ను అడగకుండా ఇచ్చారు. మీరు ఓటు వేసేముందు ఇది తెలియాలని వచ్చాను."

భాస్కర్ మొహం పాలిపోయింది. ఆ రోజు కేఫెటీరియాలో ఆ నవ్వు కింద తన మొహమూ ఇలాగే ఉండి ఉంటుందనుకుంది. జాలి కలగలేదు. కలగనందుకు ఆశ్చర్యమూ కలగలేదు. ఓటింగు జరిగింది. అసిస్టెంట్లకి ఒక్క ఓటు తేడాతో అనుమతి వచ్చింది. భాస్కర్ ఎవరివైపూ చెయ్యెత్తలేదు.

బయటికి వెళ్తూ ఆమె తలుపు దగ్గరున్న సెక్రటరీ బల్ల ముందు ఆగింది.

"వచ్చే ఎన్నికలకి నామినేషన్ ఫారాలు ఎప్పుడిస్తారు?"

"బోర్డులో మిగతా సీట్లకా? దానికింకా రెండేళ్ళుందిగా! మీ వారికి నాలుగేళ్ళ వరకూ దిగుల్లేదు," అని నవ్వింది సెక్రటరీ. "ఎవరికోసం?"

విజయశ్రీ తన పేరు ఒక్కొక్క అక్షరమే చెప్పి రాయించింది.