గుల్షన్ బేగం మడిగె

భర్త పోయాక గుల్షన్ బేగానికి మిగిలింది స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఇల్లు, దాని ముందున్న దుకాణపు గది, మడిగె. కూతురు సుమయ్యా కుట్టుపని నేర్చుకుంది. ఆమెకు దుకాణం పెట్టిద్దామని గుల్షన్ బేగం, మడిగెలో కిరాయికున్న కిరాణా వ్యాపారి రామ్మోహన్‌ను ఖాళీ చేయమంది. అతను రేపు మాపంటూ తిప్పి, చివరికి ఆమె కేసు వేస్తే కోర్టులో అడ్డం తిరిగాడు. మడిగెను ఆమె భర్త తనకు ఎప్పుడో అమ్మేశాడన్నాడు. ఆ మాట విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వకీళ్లు కోర్టు బహిష్కరించాక అతనికి పట్టపగ్గాల్లేవు. మడిగె వెనక గోడ పగలగొట్టించి ఆమె వాకిట్లో బస్తాలు దించాడు.

"కోర్టు బందున్నది గదా, ఎవలకు చెప్పుకుంటవో చెప్పుకో పో" అన్నాడు.

బస్సులు లేవు. మర్నాడు ఆటోలు మారి జనగామ చేరింది. కోర్టు ముందు వకీళ్ల దీక్షా శిబిరం. అందులో తన వకీలు సాంసన్ కూర్చుని ఉన్నాడు. ఆయన మెడలో దండ వేస్తున్నది రామ్మోహన్! వేసి, పిడికిలెత్తి "జై తెలంగాణ" అన్నాడు.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. చెప్పులతోనే శిబిరంలోకి నడిచింది.

"సాంసన్ సార్, నీకు దండేసినోడు ఎవలో ఎరుకేనా? నా గోడ పలగ్గొట్టినోడు. మీరు కోర్టుకు పోతలేరనే పలగ్గొట్టిండు."

సాంసన్ తడబడ్డాడు. "అమ్మా, ఉద్యమం నడుస్తున్నది. జర ఓపిక పట్టు."

"నేను ఉద్యమంల లేనా? రైలు పట్టాల మీద మీతోని కూసోలేదా? తెలంగాణ నాక్కూడ గావాలె. గని నా మడిగె గుంజుకునెటోడు జై తెలంగాణ అంటే, మీకెట్ల ముద్దొచ్చిండు?"

"నలుగుట్ల ఏం లొల్లి గిది?" అన్నాడు రామ్మోహన్.

"నలుగుట్లనే జేస్త. నువ్వు గోడ కూలగొట్టినప్పుడు నలుగురు లేకపాయె!"

సాంసన్ దండ తీసి పక్కన పెట్టాడు. "ముందు బస్తాలు తీయి. గోడ కట్టినంకనే గిక్కడికి రా" అన్నాడు రామ్మోహన్‌తో. వకీళ్లెవరూ అతని వైపు మాట్లాడలేదు. ఆ వారంలోనే గోడ లేచింది.

మడిగె మాత్రం అంత తేలిగ్గా రాలేదు. సమ్మె ముగిశాక సాంసన్ గట్టిగా వాదించి గెలిపించాడు. రామ్మోహన్ వరంగల్‌లో అప్పీలు వేశాడు. అక్కడా ఓడాడు. ఆ తిరుగుడులోనే సుమయ్యాకు పెళ్లయి, ఆమెతో పాటు కుట్టు మిషన్ అత్తగారింటికి పోయింది.

చివరికి తీర్పు అమలు చేసే కోర్టు అమీనా వచ్చి మడిగె ఖాళీ చేయించాడు. బండెక్కబోతూ రామ్మోహన్ ఆగాడు.

"అయిందేదో అయింది బేగం. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకుంట" అంది గుల్షన్ బేగం. షట్టరు కిందికి లాగింది.