ఇస్త్రీ అక్క కడుపులో కుళ్ళిన మాట

తెల్లారి ఆరున్నరకి మెట్ల కింద గది తలుపు తెరుచుకునేది. ఇస్త్రీ అక్క బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచేది, ఇస్త్రీపెట్టె స్విచ్ వేసేది, అది వేడెక్కేలోగా మొహం కడుక్కుని వచ్చేది. తడి వేలితో అడుగున ఇలా తాకితే చుయ్‌మనాలి. చుయ్‌మందంటే పని మొదలు. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, ఆఖర్న వీపు. మూడంతస్తుల ఆ భవనంలో ఎవరి చొక్కాకి ఏ బొత్తాం ఊడిందో, ఎవరి ప్యాంటు నడుం ఎన్నిసార్లు వదులు చేయించారో ఆమెకి తెలుసు.

బట్టలతో పాటు మాటలు కూడా తెచ్చేవాళ్ళు. అటూ ఇటూ చూసి, "అక్కా, ఒక మాట. కడుపులో పెట్టుకో" అనేవాళ్ళు. ఆమె పెట్టె పక్కన నిలబెట్టి, విని, గుటుక్కున మింగేది. మాట గొంతు దిగడం బయటికి కనిపించేది, గోళీకాయంత. అంతే, ఇక అది ఆమె కడుపులో ఉండేది. చెప్పినవాళ్ళకి ఆ మాట తర్వాత గుర్తుండేది కాదు. మడత బట్టలు చంకన పెట్టుకుని, తేలికైన మొహాలతో మెట్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె తల్లికీ అలాంటి కడుపే ఉండేది. కొందరికి బుగ్గ సొట్ట పడుతుంది, కొందరికి ఇది.

మగాళ్ళూ ఆడాళ్ళూ అందరూ ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు, ఒక్క కళ్ళజోళ్ళాయన తప్ప. రెండో అంతస్తులో తన అక్కతో ఉంటూ, కిటికీ దగ్గర కూర్చుని జనం కళ్ళజోళ్ళు బాగుచేసేవాడు. ఆయన ఇస్త్రీ అక్కని "ఏవండీ" అనేవాడు. నలభై ఏడేళ్ళ మనిషి, గురువారం గురువారం రెండు చొక్కాలు పట్టుకొచ్చి, అవి అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, తుడిచిన అద్దాలే మళ్ళీ తుడుస్తూ ఉండేవాడు. ఆమె కూడా ఆయన చొక్కాలు మిగతావాటి కంటే కాస్త నిదానంగానే చేసేది. నలుగురూ చూశారు, నవ్వుకున్నారు, శుభం అనుకున్నారు. అలాంటిది రెండు నెలల కిందట ఆమె ఉన్నట్టుండి, మొహం చూడకుండా, "అక్కడ పెట్టి వెళ్ళండి. అయ్యాక పంపిస్తాను" అంది. ఆయన పెట్టి వెళ్ళాడు. మళ్ళీ గుమ్మంలో నిలబడలేదు.

కంపు మొదలైంది ఆ తర్వాతే.

ఎలాంటి కంపు అంటే ఏం చెప్పమంటారు! తడిసిన గోనెసంచి కింద ఎలుక చచ్చి, దాని మీద విరిగిన పాలు ఒలికి, ఆ పైన ఎవరో మూత పెట్టి వారం మరిచిపోయినట్టు. థూ! పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే నురగలోకి వచ్చేది. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయేది. మెట్లెక్కుతుంటే మొదటి మలుపులో ఎదురొచ్చి మొహాన కొట్టేది. తలగడలోకి వెళ్ళింది, తువ్వాళ్ళలోకి వెళ్ళింది, తాగే నీళ్ళలోకి కూడా వెళ్ళిందేమోనని గ్లాసు వాసన చూసి మరీ తాగేవాళ్ళు.

మొదట కాలవ అనుకున్నారు. మూడో అంతస్తులో ఉండే గొట్టాల బాబాయి, పంపుల మేస్త్రీ, ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొట్టాలన్నీ విప్పాడు. మోచేతి లోతున చెయ్యి పెట్టి ఒక జుట్టు ఉండ, అరిగిన దువ్వెన, సగం సబ్బు, బంక లాంటి నల్లటి గుజ్జు లాగాడు. చూసినవాళ్ళకి డోకు వచ్చింది గానీ, కంపు మాత్రం అంగుళం తగ్గలేదు.

"ఎలుక. గోడలో చచ్చింది" అన్నారు కింది వాటాలో ఉండే హెడ్మాస్టారు. ఉద్యోగం విరమించి పదేళ్ళయినా ఆయన గొంతు ఇంకా బడిలోనే ఉంది. కర్రతో గోడలన్నీ కొట్టి చూశారు, లోపలున్న ఎలుక హాజరు పలుకుతుందన్నట్టు.

ఎదురు వాటా నర్సమ్మ తలుపు తలుపుకీ వెళ్ళి గాలి పీల్చింది. పుండు చూసి అది ఎన్ని రోజులదో చెప్పగల మనిషి ఆవిడ. "ఇది చచ్చిన వాసన కాదు మాస్టారూ, రోజురోజుకీ ముదురుతోంది. ఏదో ఇంకా కుళ్ళుతూనే ఉంది" అంది.

ఇక మొదలైంది. హెడ్మాస్టారు పళ్ళసెట్టు నానబెట్టే గ్లాసు కడగరని ఒకరు. బాబాయి బూట్లు గుమ్మం బయట విప్పుతాడు, వాటిలోనే ఏదో పుట్టి చచ్చిందని ఒకరు. నర్సమ్మ ఆస్పత్రి నుంచి ఏం మోసుకొస్తుందో ఎవరు చూశారని ఇంకొకరు. అందరికంటే గట్టిగా అరిచింది గొళ్ళెం పిన్ని. కళ్ళజోళ్ళాయన అక్క ఈవిడే. పగలు కూడా తలుపుకి పైనొక గొళ్ళెం, కిందొక గొళ్ళెం, మధ్యలో గడియ వేసుకునే మనిషి కాబట్టి ఆ పేరు. "మా ఇంట్లో ఈగ కూడా దూరదు, కంపెలా పుడుతుంది? మీరే ఎవరో పుట్టిస్తున్నారు" అని మెట్ల మీద నిలబడి మూడంతస్తులకీ వినపడేట్టు అనేది.

మూడోవారం హెడ్మాస్టారు ఒక సన్మానానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని బస్సెక్కారు. పక్క సీటాయన లేచి వెళ్ళిపోయాడు. వెనకాయన కిటికీ తెరిచాడు. సన్మాన సభలో దండ వేయడానికొచ్చినాయన దూరం నుంచే మెడలోకి విసిరి వెనక్కి తగ్గాడు. హెడ్మాస్టారు ఇంటికొచ్చి చొక్కా విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మడత నలగలేదు, గంజి తగ్గలేదు, చంక నుంచి కాదు, బట్టంతా అదే కంపు.

అందరూ కలిసి మెట్ల కిందికి వెళ్ళారు. ఇస్త్రీ అక్క బల్ల ముందు నిలబడి ఉంది. మూడు వారాల్లో సగమైంది మనిషి. మూతికి గుడ్డ కట్టుకుంది. ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు హెడ్మాస్టారు.

ఆమె గుడ్డ తీసి, నోరు తెరిచింది. అబ్బా! అందరూ ఒక్కసారి వెనక్కి పడ్డారు. పుండ్లు కడిగి కడిగి రాటుదేలిన నర్సమ్మే ఆపుకోలేక వాక్ మని మడత పెట్టిన బట్టల దొంతర మీద కక్కేసింది.

"కడుపులో ఏదో మాట కుళ్ళింది" అంది ఇస్త్రీ అక్క, చేత్తో నోరు మూసుకుని. "ఎవరిది వాళ్ళు వెనక్కి తీసుకుంటే నాకు నయమవుతుంది."



"నేనేం దాచుకోలేదే నీ దగ్గర" అన్నారు హెడ్మాస్టారు నిజాయితీగా.

"నేనూ అంతే" అన్నాడు బాబాయి.

"మాకు దాపరికాలా! అద్దం లాంటి ఇల్లు మాది" అంది గొళ్ళెం పిన్ని.

పాపం, వాళ్ళు అబద్ధమాడలేదు. ఇచ్చింది మరిచిపోబట్టే కదా అంత హాయిగా తిరుగుతున్నారు. ఏదో ఉందని మాత్రం ఒక్కొక్కరికీ లోపల గుబులు. అదేమిటో తెలియకుండా వెనక్కి తీసుకోవడం కంటే ఇస్త్రీ అక్కని పంపించేయడమే తేలికనిపించింది. శనివారం పన్నెండింటికల్లా గది ఖాళీ చేయాలన్నారు. బట్టలిచ్చి ఇరవయ్యేళ్ళు మనసు తేలిక చేసుకున్నవాళ్ళు, ముక్కులు మూసుకుని, ఆ మాట అనేసి వెళ్ళిపోయారు. చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె పెట్టె సర్దుకుంది. ఎక్కడికెళ్ళాలో తెలీదు. ఈ కంపుతో ఏ వీధిలో గది ఇస్తారు, ఎవరి బట్టలు ముట్టుకోనిస్తారు? ఏడుపొచ్చింది. ఏడ్చి, ముక్కు చీది, పోయే ముందు అసలేది కుళ్ళిందో తెలుసుకునైనా పోదామనుకుంది. కిటికీ తెరిచి, కుర్చీలో కూర్చుని, ఒక్కో మాటనీ గొంతు దాకా తెచ్చుకుని చూసింది. హెడ్మాస్టారు ఒకప్పుడు సొంత కొడుక్కి ప్రశ్నాపత్రం చూపించిన మాట వచ్చింది. పాతబడింది గానీ శుభ్రంగా ఉంది. బాబాయికి ఇరుకు చోట్లంటే భయమన్న మాట, బాగానే ఉంది. నర్సమ్మ ఒక రోగికి తప్పు మందు ఇచ్చి, ఆ మనిషి బతికి బయటపడేదాకా నీళ్ళు ముట్టని మాట, చేదుగా ఉంది, అంతే. దొంగతనాలు, దొంగచాటు ప్రేమలు, పిరికితనాలు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఇక ఒక్కటి మిగిలింది. దాన్ని ముట్టుకోవాలంటే ఆమెకి ఇన్నాళ్ళూ ప్రాణం ఒప్పలేదు. రెండు నెలల కిందట గొళ్ళెం పిన్ని వచ్చి చెప్పిన మాట. "నీ దగ్గర వాసన వస్తుందన్నాడమ్మా మా తమ్ముడు. దగ్గర నిలబడాలంటే ముక్కు మూసుకోవాలట. పాపం, నీ మొహాన అనలేక నాతో అన్నాడు. కడుపులో పెట్టుకో." ఆమె పెట్టుకుంది. ఆ రోజు మూడుసార్లు స్నానం చేసింది. ఆ గురువారమే ఆయన్ని పొమ్మంది.

దాన్ని పైకి తెచ్చింది. గది గోడలు తిరిగాయి. బకెట్టు మీదికి వంగి, కళ్ళ నీళ్ళు కారుతుండగా, నాలుక మీద పెట్టుకుని చూసింది. మొదటి సగం, 'నీ దగ్గర వాసన వస్తుందన్నాడు' అన్నది, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. రెండో సగం, 'ముక్కు మూసుకోవాలట' అన్నది, పురుగులు తిరుగుతూ జారిపోతోంది.

ఇరవయ్యేళ్ళలో ఎంత చెడ్డ మాటైనా ఆమె కడుపులో చెడిపోలేదు. అవన్నీ జరిగినవి. మరి ఇదెందుకు చెడిపోయింది?

ఒరే దేవుడా, అనుకుంది. ఆ రెండో సగం ఆయన అనలేదు.

కంపు కంపుగానే ఉంది. కానీ ఆమె ఆ సాయంత్రం రెండు నెలల తర్వాత కడుపు నిండా అన్నం తింది.

శనివారం పదిన్నరకి మూతికి గుడ్డ కట్టుకుని రెండో అంతస్తు ఎక్కింది. వెళ్ళిపోతున్నానని చెప్పడానికొచ్చిందనుకుని జనం మెట్ల మీద చేరారు. పైగొళ్ళెం, కిందిగొళ్ళెం, గడియ తీసి పిన్ని తలుపు తెరిచింది. వెనక కిటికీ దగ్గర తమ్ముడు, చేతిలో కళ్ళజోడు, చిన్న మరమేకు.

"పిన్నీ, మీ మాట మీకు ఇచ్చేద్దామని వచ్చాను."

"నా మాటా! నేనెప్పుడిచ్చాను?"

"ఇచ్చారు. కుళ్ళింది అదే. చెవిలో చెప్పనా?"

"చెవిలో ఎందుకు? నాకేం భయం! పైకే చెప్పు, అందరూ వినాలి!" అని చేతులు తిప్పింది గొళ్ళెం పిన్ని.

"మీ ఇష్టం" అని ఇస్త్రీ అక్క గుడ్డ తీసింది. అక్షరం పొల్లు పోకుండా చెప్పింది.

మాటతో పాటు కంపంతా ఒక్కసారిగా బయటపడింది. హెడ్మాస్టారు గోడ పట్టుకున్నారు. బాబాయి మెట్ల మీద కూలబడ్డాడు. పిన్ని మొహం తెల్లబోయింది. మరిచిపోయిన మాట తిరిగొచ్చి నోట్లో కూర్చుంది. పెదాలు బిగించి, గుటకలు మింగింది, దిగలేదు. మెట్ల మీద గాలి తేలికపడింది. ఇప్పుడా వాసన ఆవిడ నోటి దగ్గరే ఉంది.

"అక్కా, నేను అలా అన్నానా?" అన్నాడు తమ్ముడు లేచి నిలబడి.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "సగమే అన్నావు" అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఆవిడ దగ్గర వాసన వస్తుందక్కా అన్నావు. వేడి బట్టల వాసన, అక్కడ నిలబడితే ఇంటికొచ్చినట్టుంటుందన్నావు. నువ్వట్లా అంటుంటే నాకు గుండె ఆగినంత పనైంది. నువ్వెళ్ళిపోతే నాకెవరున్నార్రా?" అని ఏడ్చేసింది. ఏడుస్తూనే ఇస్త్రీ అక్క చెయ్యి పట్టుకుంది. "నోరంతా రోతగా ఉందమ్మా. నీకు పుణ్యముంటుంది, దీన్ని మళ్ళీ కడుపులో పెట్టుకో."

"లేదు పిన్నీ. ఇది మీరే ఉంచుకోండి. ఎండలో కూర్చుని నలుగురితో చెప్పుకుంటూ ఉంటే ఆరిపోతుంది" అంది ఇస్త్రీ అక్క. జాలిగానే అంది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకుంది.

కళ్ళజోళ్ళాయన మరమేకు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది, వెతుక్కోలేదు. గుమ్మం దాకా వచ్చాడు.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను" అన్నాడు. "కడుపులో మాత్రం పెట్టుకోకండి. జవాబు చెప్పండి."

అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. మెట్ల మీద అందరూ విన్నారు కాబట్టి అందులో దాచేదేం లేదు.

శనివారం పన్నెండింటికల్లా గది ఖాళీ చేయమన్నారు కదా, చేసింది. బల్ల బరువైంది, నలుగురు పట్టారు. మలుపు దగ్గర కాళ్ళు తగులుకుంటే హెడ్మాస్టారు కేకలేస్తూ దారి చెప్పారు. రెండో అంతస్తులో కిటికీ పక్కన కళ్ళజోళ్ళ బల్ల కొంచెం జరిపి, దీన్ని వేశారు.